మైక్రోవ్యాక్స్ 3100 మీద నెట్‌బీఎస్‌డీ: ఒక గిగాబైటు గీత దగ్గర ఆగిపోయిన యంత్రం

ఈ కేసులోని యంత్రం డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తయారుచేసిన మైక్రోవ్యాక్స్ 3100 మోడల్ 10. 90 నానోసెకన్ల సైకిల్‌తో, అంటే సుమారు 11 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే సీవ్యాక్స్ ప్రాసెసర్, ఆ మోడల్‌కు పట్టే గరిష్ఠ పరిమాణమైన 32 మెగాబైట్ల మెమరీ, డిస్కులను కలిపే ఒక స్కజీ కంట్రోలర్, 10 మెగాబిట్ల ఈథర్‌నెట్, కొన్ని సీరియల్ పోర్టులు ఇందులో ఉన్నాయి. నా చేతికి వచ్చేసరికి లోపలి డిస్కు తిరగడం మానేసింది, గడియారానికి ఆధారమైన బ్యాటరీ కారిపోయింది. దీని మీద నెట్‌బీఎస్‌డీ 10 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించి, ఎవరూ పక్కన కూర్చోకపోయినా నడిచే స్థితికి తెచ్చి, నేను నిర్వహిస్తున్న ఒక చిన్న గణిత లైబ్రరీని దాని మీద క్రమం తప్పకుండా పరీక్షించడం నా లక్ష్యం. లక్ష్యం నెరవేరింది. అయితే నా సమయంలో అధికభాగాన్ని తినేసింది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. దానికంటే ముందు లేచి, డిస్కును తన పద్ధతిలో తాను చదివే రోమ్‌కూ (బోర్డు మీది చిప్‌లో శాశ్వతంగా ఉండే ప్రోగ్రాము), తరువాత అదే డిస్కును మరో పద్ధతిలో చదివే, ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్‌కూ మధ్యనున్న తేడా. అందువల్ల ఈ నివేదికలో ఆ భాగాన్నే విస్తరించి రాస్తున్నాను.

వ్యాక్స్‌నే ఎందుకు ఎంచుకున్నానో ముందుగా చెప్పాలి. వ్యాక్స్ వంశం 1977 అక్టోబరులో వ్యాక్స్-11/780తో మొదలైంది. బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి 1979 చివర వచ్చిన యూనిక్స్ రూపమైన 3బీఎస్‌డీ ఈ యంత్రం కోసమే వర్చువల్ మెమరీని చేర్చుకుంది; 1983లో వచ్చిన 4.2బీఎస్‌డీ టీసీపీ/ఐపీని మోసుకుని వెళ్లిందీ ప్రధానంగా ఈ యంత్రాలకే. అంటే ఇక్కడ బీఎస్‌డీ పరాయి ఇంటికి రావడం లేదు, పుట్టింటికే వస్తోంది. నెట్‌బీఎస్‌డీ మూలంలో వ్యాక్స్ శాఖ 1994లో చేరి నేటికీ ఉంది. ఓపెన్‌బీఎస్‌డీ తన వ్యాక్స్ శాఖను 2016లో వచ్చిన 5.9తో ముగించింది. జీసీసీ కంపైలర్‌లోని వ్యాక్స్ భాగం కూడా ఒక దశలో తొలగింపు అంచుకు చేరి, 2021లో వచ్చిన 11వ వెర్షన్ నాటికి కొందరు పట్టుబట్టి దానిని కొత్త పద్ధతికి మార్చడం వల్లనే బతికింది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఈనాటి సాఫ్ట్‌వేర్ ఈ యంత్రానికి చేరేది కాదు.

కరెంటు నుంచి కన్సోల్ దాకా

కొత్తగా చేతికొచ్చిన పాత యంత్రాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టడం నేను మానేసి చాలా కాలమైంది. మొదట బ్యాటరీని తొలగించాను. అది నికెల్-కాడ్మియం రకం. దాని నుంచి కారిన క్షారం దగ్గరి రాగి దారులను పచ్చగా మార్చి, ఒకటి రెండు చోట్ల తినేసింది. పలుచని వెనిగర్‌తో తటస్థం చేసి, శుద్ధజలంతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, దెబ్బతిన్న దారిని సన్నని తీగతో కలిపాను. పవర్ సప్లయిని బోర్డు నుంచి విడదీసి, పాత డిస్కునే లోడుగా పెట్టి 5 వోల్టులు, 12 వోల్టులు నిలకడగా వస్తున్నాయని చూసుకున్న తరువాతే బోర్డును తగిలించాను.

ఈ యంత్రంతో మాట్లాడే దారి సీరియల్ కన్సోల్ ఒక్కటే. దాని సాకెట్ టెలిఫోన్ జాక్‌లా కనిపించినా, కొక్కెం మధ్యలో కాక ఒక పక్కకు ఉంటుంది, ఎంఎంజే అంటారు. ఆరు తీగల్లో పంపేవి, అందుకునేవి రెండు చివరలా తారుమారు కావాలి. వేగం 9600, ఎనిమిది బిట్లు, ప్యారిటీ లేదు. కేబుల్ సరిపోయాక యంత్రం వెలిగించగానే రోమ్ తన స్వీయపరీక్షను ఎఫ్ నుంచి మొదలుపెట్టి ఇ, డి, సి అంటూ కిందికి లెక్కిస్తూ, ప్రతి అక్షరం తరువాత చుక్కలు పెడుతూ ఒకటి దాకా వెళ్తుంది. చుక్కల మధ్య కింది గీత వస్తే ఆ పరికరం అమర్చలేదని అర్థం, ప్రశ్నార్థకం వస్తే లోపం ఉందని అర్థం. నా యంత్రం ఇ దగ్గర, డి దగ్గర ప్రశ్నార్థకాలు పెట్టింది. మొదటిది గడియారం, రెండవది బ్యాటరీ మీద ఆధారపడిన చిన్న మెమరీ. రెండూ ఊహించినవే. మిగిలినవన్నీ దాటి >>> అన్న గుర్తు దగ్గర నిలబడింది.

ఇక్కడే ఒక తప్పటడుగు వేశాను. ఒక రాత్రి యంత్రాన్ని నడుస్తూ వదిలి, కన్సోల్ కలిపిన ల్యాప్‌టాప్‌ను మూసి వెళ్లాను. ఉదయానికి యంత్రం ?02 అన్న సంకేతంతో ఆగి ఉంది. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చిన్న పరికరం కరెంటు కోల్పోయినప్పుడు గీత మీద వచ్చిన స్థితిని యంత్రం బ్రేక్ సంకేతంగా తీసుకుని, బయటి నుంచి ఆపమన్నారని భావించి ఆగింది. వెనుక పలకపైన బ్రేక్‌ను అనుమతించే మీటను మూసివేయడంతో ఆ బెడద పోయింది. ఆ సంకేతాన్ని పట్టిక తీసి చదవడం ఆ రోజు నేర్చుకున్నాను. తరువాత అసలు చిక్కులో అక్కరకు వచ్చింది ఆ అలవాటే.

నెట్‌వర్క్ నుంచి లేపడం

డిస్కు లేని యంత్రాన్ని లేపడానికి డిజిటల్ సంస్థ వాడిన మాప్ ప్రోటోకాల్ ఐపీ కంటే కింది మట్టంలో, ముడి ఈథర్‌నెట్ ఫ్రేముల మీద పనిచేస్తుంది. >>> దగ్గర ఈథర్‌నెట్ పరికరం పేరుతో బూట్ ఆదేశం ఇస్తే యంత్రం ఒక మల్టీకాస్ట్ చిరునామాకు కేక వేస్తుంది. సర్వర్‌లో మాప్‌డీ అనే డీమన్ (నేపథ్యంలో నడిచే ప్రోగ్రాము) వింటూ ఉంటే, యంత్రం హార్డ్‌వేర్ చిరునామా పేరుతో ఉన్న ఫైలును పంపుతుంది. ఆ పేరులో పన్నెండు హెక్స్ అంకెలు చిన్న అక్షరాల్లోనూ, చివరి సిస్ అన్న తోక పెద్ద అక్షరాల్లోనూ ఉండాలన్న చిన్న నియమం నా ఒక సాయంత్రాన్ని మింగింది. సర్వర్ లాగ్‌లో అభ్యర్థన కనిపిస్తుంది, జవాబు మాత్రం పోదు, తప్పు జరిగిందన్న మాట ఎక్కడా రాదు.

మాప్ ద్వారా వచ్చేది రెండో దశ బూట్ ప్రోగ్రాము మాత్రమే. అది బూట్‌పీతో తన ఐపీ చిరునామా తెలుసుకుని, నెట్‌వర్క్ మీద ఫైళ్లను పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ రెండో వెర్షన్‌ను యూడీపీ మీద వాడి కెర్నల్‌ను తెచ్చుకుంటుంది. ఈనాటి చాలా సర్వర్లు ఆ వెర్షన్‌ను మూసివేశాయి, లేదా పూర్తిగా తీసేశాయి. దాన్ని తెరిచేందుకు కుస్తీ పట్టడం కంటే మరో చిన్న యంత్రంలో నెట్‌బీఎస్‌డీనే పెట్టి, మాప్‌డీ, బూట్‌పీ, ఎన్‌ఎఫ్‌ఎస్ మూడింటినీ దానికే అప్పగించడం తేలికైంది. ఈ పని తలపెట్టేవారికి నేను చెప్పేదీ అదే. భౌతిక కనెక్షన్ విషయానికొస్తే, యంత్రానికి సన్నని కోయాక్స్ సాకెట్టు, ఏయూఐ సాకెట్టు ఉన్నాయి. ఏయూఐకి ట్రాన్స్‌సీవర్ తగిలించి, 10 మెగాబిట్లను ఇంకా అంగీకరించే పాత స్విచ్ ద్వారా నడిపాను.

డిస్కు: మొదట నడిచి, తరువాత నడవనిది

చనిపోయిన డిస్కు స్థానంలో, ఎస్‌డీ కార్డును స్కజీ డిస్కులా చూపే చిన్న బోర్డును పెట్టి, దానిలో 2 గిగాబైట్ల డిస్కును సృష్టించాను. నెట్‌వర్క్ నుంచి లేచిన ఇన్‌స్టాలర్‌తో చివరలో కొంత స్వాప్‌కు (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) వదిలి, మిగిలినదంతా ఒకే రూట్ పార్టిషన్‌గా చేశాను. ఇన్‌స్టలేషన్ నిదానంగానైనా తప్పు లేకుండా ముగిసింది. యంత్రం తన డిస్కు నుంచే లేచింది. వారం రోజులు నడిచింది. ఇక అయిపోయిందనుకున్నాను.

మెమరీ మిగుల్చుకోవడానికి నా యంత్రంలో లేని పరికరాల డ్రైవర్లన్నీ తీసేసి చిన్న కెర్నల్‌ను తయారుచేసి, పాతదాని పేరు మార్చి, కొత్తదాన్ని రూట్‌లో పెట్టి రీబూట్ చేశాను. బూట్ ప్రోగ్రాము కెర్నల్‌ను కనుగొంది, దాని భాగాల పరిమాణాలను ఎప్పటిలాగే సంఖ్యల కూడికగా చూపించింది, కెర్నల్‌కు నియంత్రణ అప్పగించింది. కెర్నల్ ఒక్క అక్షరం కూడా ముద్రించలేదు. ?06 అన్న సంకేతంతో యంత్రం >>> దగ్గరికి తిరిగొచ్చింది.

సహజంగానే నా కెర్నల్ కాన్ఫిగరేషన్‌ను అనుమానించాను. అదే ఫైలును ఎన్‌ఎఫ్‌ఎస్ నుంచి లేపితే చక్కగా నడిచింది. అప్పుడు డిస్కును అనుమానించాను. నెట్‌వర్క్ కెర్నల్‌తో లేచి, డిస్కులోని ఫైలు చెక్‌సమ్‌ను మూలంతో పోల్చాను, సరిపోయింది. కేబుల్ మార్చాను, టర్మినేటర్ మార్చాను, మరో కార్డులోకి అద్దంలా కాపీ చేశాను. ఫలితం అక్షరం కూడా మారలేదు. ఒకసారి తప్పి మరోసారి నడిస్తే హార్డ్‌వేర్ మీద నింద వేయవచ్చు. ప్రతిసారీ ఒకే పీసీ విలువ (ప్రాసెసర్ ఏ ఆదేశం దగ్గర ఉందో చెప్పే చిరునామా) దగ్గర ఆగే యంత్రం మీద ఆ నింద నిలవదు. ఆ సంగతి నేను మొదటి రోజే గమనించాల్సింది.

?06 అంటే హాల్ట్ ఆదేశం అమలైందని అర్థం. వ్యాక్స్‌లో హాల్ట్ ఆదేశపు సంకేతం సున్నా. అంటే ప్రాసెసర్ సున్నాలతో నిండిన మెమరీలోకి వెళ్లి మొదటి సున్నానే ఆదేశంగా తీసుకుని ఆగిందన్న మాట. ఆగిన తరువాత మెమరీ చెరగదు కనుక కన్సోల్‌లోని ఎగ్జామిన్ ఆదేశంతో చూడటం మొదలుపెట్టాను. పీసీ చూపిన చోట నిజంగానే సున్నాలున్నాయి. కెర్నల్ మొదటి భాగాన్ని మూల ఫైలుతో పోల్చితే ఒక హద్దు వరకు బైటు బైటూ కలిసింది. ఆ హద్దు దాటాక ఉన్నది కెర్నల్ కాదు. కన్సోల్ నాలుగేసి బైట్లను ఒక సంఖ్యగా, చివరి బైటు ముందు వచ్చేలా చూపిస్తుంది. వాటిని తిప్పి ఆస్కీగా చదివితే ఇంగ్లిషు వాక్యాలు బయటపడ్డాయి. అవి ఒక మాన్యువల్ పేజీలోని వాక్యాలు. కెర్నల్ ఉండవలసిన మెమరీలో మాన్యువల్ పేజీ చదువుకుంటూ కూర్చోవడం విడ్డూరమే గానీ, ఆ క్షణంలో నాకు ఊరట కలిగింది. చెత్త ఎక్కడినుంచో రాలేదు, ఇదే డిస్కులో మరోచోటి నుంచి వచ్చింది.

తరువాతి అడుగు లెక్కలదే. ఫైల్ సిస్టమ్ లోపలి వివరాలు చూపే ఎఫ్‌ఎస్‌డీబీతో కెర్నల్ ఫైలు బ్లాకులు డిస్కులో ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా తీశాను. మొదటి 12 బ్లాకులు డిస్కు మొదట్లో వరుసగా ఉన్నాయి; పదమూడోది ఎగిరి 20,97,152వ సెక్టరును దాటి పడింది, మిగిలినవి దాని వెంటే ఉన్నాయి. 20,97,152 అంటే రెండు ఇరవై ఒకటో ఘాతం. స్కజీలోని పాత ఆరు బైట్ల రీడ్ ఆదేశంలో సెక్టరు సంఖ్యకు ఉన్నది సరిగ్గా 21 బిట్లు. ఒక్కొక్క సెక్టరు 512 బైట్లు కనుక ఆ ఆదేశం చేరగల హద్దు 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లు, అంటే ఒక గిగాబైటు. ఈ యంత్రం రోమ్‌లోని డిస్కు డ్రైవర్‌కు ఆ ఆదేశం తప్ప మరొకటి తెలియదు. అంతకంటే పెద్ద సంఖ్య ఇస్తే తప్పని చెప్పదు. పై బిట్లను రాల్చేసి, మిగిలిన సంఖ్య గల సెక్టరును నిశ్చింతగా తెచ్చి ఇస్తుంది. పదమూడో బ్లాకు సంఖ్య నుంచి 20,97,152 తీసేసి, ఆ సెక్టరును డీడీ ఆదేశంతో నేరుగా చదివితే అదే మాన్యువల్ పేజీ కనిపించింది.

మిగిలిన ముడులు వాటంతటవే విడిపోయాయి. నెట్‌బీఎస్‌డీ రెండో దశ బూట్ ప్రోగ్రాము ఈ రకం యంత్రంలో డిస్కును చదవడానికి సొంత డ్రైవర్‌ను వాడదు, రోమ్‌లోని దాన్నే పిలుస్తుంది. కెర్నల్ లేచిన తరువాత దాని సొంత డ్రైవర్ 21 బిట్లు చాలని చోట పది బైట్ల ఆదేశానికి మారుతుంది. చెక్‌సమ్‌ను లెక్కించింది కెర్నల్, ఫైలును మెమరీలోకి ఎక్కించింది రోమ్. ఒకే పేరు గల ఒకే ఫైలును ఇద్దరూ వేర్వేరుగా చూశారు. నా పరీక్షలన్నీ కెర్నల్ కళ్లతో చేసినవే కనుక అన్నీ నెగ్గాయి.

మొదటి కెర్నల్ ఎందుకు నడిచిందన్న ప్రశ్నకు జవాబు బర్క్‌లీ ఫైల్ సిస్టమ్ స్వభావంలో ఉంది. అది డిస్కును సిలిండర్ గ్రూపులుగా విడదీసి, ఒక ఫైలు తాలూకు ఐనోడ్ (ఫైలు బ్లాకులు ఎక్కడున్నాయో రాసుకునే నమోదు) నేరుగా చూపగల మొదటి 12 బ్లాకులను ఆ ఐనోడ్ ఉన్న గ్రూపులోనే ఉంచే ప్రయత్నం చేస్తుంది. ఆ తరువాతి బ్లాకులకు సగటు కంటే ఎక్కువ ఖాళీ ఉన్న గ్రూపును వెతుకుతుంది. ఒక పెద్ద ఫైలు ఒకే గ్రూపును నింపేసి మిగిలినవాటికి చోటు లేకుండా చేయకూడదన్నది దాని ఉద్దేశం. ఇన్‌స్టలేషన్ వేళ కెర్నల్ ఖాళీ డిస్కు మీద అందరికంటే ముందు దిగింది, కనుక మొత్తం కింది భాగంలోనే కుదురుకుంది. ఒక వారం తరువాత కింది గ్రూపులు నిండి ఉన్నాయి, పైవి ఖాళీగా ఉన్నాయి. కొత్త కెర్నల్ తల కింద, మొండెం గీతకు అవతల పడింది. నా పార్టిషన్‌లో బ్లాకు పరిమాణం 16 కిలోబైట్లు, కనుక సరిగా చదవబడింది మొదటి 192 కిలోబైట్లు. పరిమాణాలు చెప్పే శీర్షిక ఆ భాగంలోనే ఉంటుంది. అందుకే బూట్ ప్రోగ్రాము ధీమాగా సంఖ్యలు ముద్రించింది.

పరిష్కారం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. బూట్ కావలసిన ప్రతి ఫైలూ మొదటి గిగాబైటులోనే ఉండేలా చిన్న రూట్ పార్టిషన్‌ను డిస్కు మొదట్లో పెట్టి, దాని వెనుక స్వాప్‌ను, ఆ తరువాత ప్రోగ్రాములుండే యూఎస్‌ఆర్ డైరెక్టరీకి వేరే పార్టిషన్‌ను పెట్టాను. గీతను దాటిపోయే అవకాశమే ఫైల్ సిస్టమ్‌కు లేకుండా పోయింది. ఇదే రోమ్‌తో డిజిటల్ సంస్థ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్‌ను నడిపేవారికి ఈ గీత మరింత ప్రమాదకరం. అక్కడ వ్యవస్థ కూలినప్పుడు మెమరీని డిస్కుకు రాసే పనిని కూడా రోమ్ డ్రైవరే చేస్తుంది. గీత అవతల రాయబోయి డిస్కు మొదటి భాగాన్ని చెరిపేస్తుంది. నాకు జరిగింది చదవడంలో పొరపాటు గనుక ఏమీ పోలేదు.

మెమరీ, పేజీలు, వేగం

వ్యాక్స్ హార్డ్‌వేర్ పేజీ 512 బైట్లు మాత్రమే. 1977లో అది తగిన పరిమాణమే కావచ్చు గానీ, ఈనాటి కెర్నల్‌కు అంత చిన్న ముక్కల లెక్క రాయడమే భారం. నెట్‌బీఎస్‌డీ ఎనిమిది హార్డ్‌వేర్ పేజీలను కలిపి 4 కిలోబైట్ల పేజీగా వాడుకుంటుంది. మరో చిక్కు ఉంది. ప్రోగ్రాము చిరునామా ప్రాంతానికి పేజీ పట్టిక అంచెలంచెలుగా ఉండదు, తెగని వరుసగా ఉండాలి. ఒక గిగాబైటు ప్రాంతాన్ని పూర్తిగా వర్ణించాలంటే ఒక్కొక్క నమోదుకు 4 బైట్ల చొప్పున 8 మెగాబైట్ల పట్టిక కావాలి. మొత్తం ఉన్నదే 32 మెగాబైట్లు. విశాలమైన చిరునామా ప్రాంతంలో అక్కడొకటి ఇక్కడొకటి మ్యాప్ చేసుకునే అలవాటున్న ఈనాటి ప్రోగ్రాములు ఇక్కడ ఊపిరాడక ఇబ్బంది పడటానికి కారణం ఇదే.

పేజీ ఇటీవల వాడబడిందా లేదా అని చెప్పే బిట్టు కూడా వ్యాక్స్‌లో లేదు. 3బీఎస్‌డీ కాలంలో బర్క్‌లీలో కనిపెట్టిన ఉపాయమే నేటికీ నడుస్తోంది. పేజీని కావాలనే చెల్లనిదిగా గుర్తిస్తారు, ప్రోగ్రాము దాన్ని తాకితే ఫాల్ట్ వస్తుంది, అప్పుడు వాడకంలో ఉందని రాసుకుంటారు. డిస్కు వైపు చూస్తే, ఈ యంత్రంలో స్కజీ డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను మెమరీకి చేర్చే పద్ధతి) 128 కిలోబైట్ల ప్రత్యేక బఫర్‌కే చేరుతుంది. అక్కడి నుంచి అసలు మెమరీకి ప్రాసెసరే మోసుకురావాలి. ఎస్‌డీ కార్డు ఎంత వేగమైనదైనా ఫలితంలో తేడా లేకపోవడానికి ఇదొక కారణం. ఖరీదైన కార్డు కోసం వెతకనక్కరలేదు.

దూరం నుంచి భద్రంగా లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌కు ఒక పేరా చాలు. సంకేతీకరణ తాళాల (కీల) మార్పిడికి ఈ ప్రాసెసర్ నిమిషానికి పైగా తీసుకుంటుంది, యంత్రం పనిలో ఉంటే ఇంకా ఎక్కువ. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు ఇచ్చే గడువు అప్రమేయంగా 120 సెకన్లు కనుక, పాస్‌వర్డు అడిగేలోపే కనెక్షన్ తెగిపోయేది. గడువును పెంచాక నిలిచింది. నెట్‌బీఎస్‌డీ 10లో యాదృచ్ఛిక సంఖ్యల విధానం కఠినమైంది. తగిన విత్తనం (మొదలుపెట్టడానికి కావలసిన యాదృచ్ఛిక సమాచారం) లేకపోతే తాళాలు తయారుచేసే దశ నిలిచిపోతుంది. ఈ యంత్రంలో అలాంటి హార్డ్‌వేర్ లేదు కనుక మరో యంత్రంలో పుట్టించిన విత్తనం ఫైలును తెచ్చి లోడ్ చేశాను. రోజువారీ పనికి మాత్రం సీరియల్ లైనే వాడుతున్నాను.

గడియారం సంగతి విచిత్రంగా ఉంటుంది. వ్యాక్స్ కాలగణన రిజిస్టరు 32 బిట్లది, సెకనుకు వంద చొప్పున పెరుగుతుంది, సుమారు 497 రోజులకు నిండుతుంది. అందులో సంవత్సరం ఉండదు. ఏ సంవత్సరమన్నది ఫైల్ సిస్టమ్‌లో చివరిగా నమోదైన కాలాన్ని చూసి కెర్నల్ ఊహిస్తుంది. కొత్త బ్యాటరీ పెట్టకుండా, నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చుకునే ఎన్‌టీపీ మీదే ఆధారపడ్డాను.

కంపైల్ ఎక్కడ చేయాలన్న విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ యంత్రం మీదే మొత్తం వ్యవస్థను కంపైల్ చేశామని గర్వంగా చెప్పుకునేవారున్నారు. 32 మెగాబైట్లలో ఈనాటి జీసీసీ నడపడమంటే స్వాప్‌ను అరగదీయడమే. నెట్‌బీఎస్‌డీ బిల్డ్ స్క్రిప్టుకు వ్యాక్స్ అన్న ఒక్క మాట చెబితే ఏ కొత్త యంత్రం మీదనైనా కంపైలర్‌తో సహా అన్నీ తయారై వస్తాయి. వాటిని ముందు సిమ్‌హెచ్ ఎమ్యులేటర్‌లోని మైక్రోవ్యాక్స్ 3900 మీద సరిచూసి, తరువాతే అసలు యంత్రానికి పంపుతున్నాను. అయితే నా డిస్కు చిక్కును సిమ్‌హెచ్ పట్టుకోలేకపోయింది. అది అనుకరిస్తున్న యంత్రం వేరు, దాని రోమ్ వేరు, దాని డిస్కు కంట్రోలర్ స్కజీ కూడా కాదు.

యంత్రం తన పని తాను చేసినప్పుడు

ఇంత శ్రమకు కారణమైన లైబ్రరీ దగ్గరికి వస్తాను. ఈనాటి యంత్రాలన్నీ దశాంశ సంఖ్యలకు ఐఈఈఈ 754 పద్ధతిని పాటిస్తాయి. వ్యాక్స్ దానికంటే ముందుది. దీని సాధారణ డబుల్ రకమైన డీ-ఫ్లోటింగ్‌లో ఘాతాంకానికి 8 బిట్లే ఉన్నాయి, కనుక గరిష్ఠ విలువ సుమారు 1.7 ఇంటూ పది 38వ ఘాతం దగ్గరే ఆగుతుంది. ప్రతిగా కచ్చితత్వంలో ఐఈఈఈ డబుల్ కంటే మూడు బిట్లు ఎక్కువ. అనంతం లేదు, సంఖ్య కానిదాన్ని సూచించే విలువ లేదు, రుణ సున్నా లేదు. గుర్తు బిట్టు ఒకటిగా, ఘాతాంకం సున్నాగా ఉన్న నమూనాను తాకితే ప్రాసెసర్ ఫాల్ట్ ఇచ్చి ప్రోగ్రామును ఆపేస్తుంది.

మొదటి దెబ్బ కంపైల్ దశలోనే తగిలింది. కనిష్ఠాన్ని వెతికే ఒక ఫంక్షన్‌లో ఎవరికీ అందనంత పెద్ద విలువ అనుకుని పది 300వ ఘాతాన్ని రాసి పెట్టాను; ఇక్కడ అది పట్టలేదు. రెండవది, లోపించిన విలువను సూచించడానికి సున్నాను సున్నాతో భాగించే చోటు. ఇక్కడ అది విలువను ఇవ్వదు, ట్రాప్‌ను ఇస్తుంది. ఈ రెండూ ఎదురుచూసినవే.

ఎదురుచూడనిది మూడవది. గుర్తు మార్చే ఒక చిన్న ఫంక్షన్‌లో, వేగం కోసమని, సంఖ్యను 64 బిట్ల పూర్ణాంకంగా కాపీ చేసి పై బిట్టును తిప్పాను. డీ-ఫ్లోటింగ్‌లో గుర్తు బిట్టు చివరన ఉండదు, మొదటి 16 బిట్ల పదంలో పై భాగాన ఉంటుంది. నేను తిప్పిన 63వ బిట్టు భిన్నంలోని కింది బిట్లలో ఒకటి. కనుక ఫంక్షన్ గుర్తును మార్చకుండా, విలువను మాత్రం దాదాపు లక్ష కోట్లలో ఒక వంతు మేర కదిలించి తిరిగి ఇచ్చింది. నా పరీక్షలో రెండుసార్లు గుర్తు మార్చితే మొదటి విలువ రావాలన్న షరతు ఉంది. అదే బిట్టు రెండుసార్లు తిరిగితే మొదటి స్థితికే వస్తుంది కనుక పరీక్ష నెగ్గింది. ఆ పరీక్ష ఇన్నేళ్లుగా ఏమీ పరీక్షించడం లేదని నాకు చెప్పింది ఈ యంత్రమే. ఫంక్షన్‌ను మామూలు రుణ గుర్తుతో తిరగరాసి, ఒక్కసారి మార్చిన విలువను మొదటి విలువతో కూడితే సున్నా రావాలన్న పరీక్షను చేర్చాను. ఇతర యంత్రాల మీద వేగంలో కొలవదగిన తేడా రాలేదు.

ప్రస్తుతం రూట్ పార్టిషన్ గీతకు లోపల ఉంది, కెర్నల్‌ను మూడుసార్లు మార్చాను, మూడుసార్లూ డిస్కు నుంచే లేచింది. ప్రతి కొత్త కెర్నల్ తరువాత దాని బ్లాకుల జాబితా తీసి అన్నిటికంటే పెద్ద సంఖ్యను చూసే చిన్న స్క్రిప్టు ఒకటి ఉంది. పార్టిషన్ చిన్నదయ్యాక దాని అవసరం లేదని తెలుసు, అయినా తీసేయలేదు. స్వీయపరీక్ష మాత్రం ఇప్పటికీ ఇ, డి దగ్గర రెండు ప్రశ్నార్థకాలు పెట్టే ముందుకు సాగుతోంది.